పర్లాకిమిడిలో ఇంటికి ఏ నెట్ పెట్టించుకోవాలి

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న దుకాణం నడుపుతున్నాను. ఉదయం ఒడిశా ప్రభుత్వ సైటులో కుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టించుకున్నవారే, మధ్యాహ్నం పాతపట్నం దగ్గర ఉన్న పొలానికి అడంగల్ కాపీ తీసిమ్మని మళ్లీ వస్తుంటారు. నెట్ ఆగిందంటే నాకు ఆ పూట బేరం పోయినట్టే. తొమ్మిదేళ్లలో ఇంటికీ దుకాణానికీ కలిపి నాలుగు కనెక్షన్లు మార్చాను కాబట్టి, కొత్తగా నెట్ పెట్టించుకోబోయేవారు దుకాణానికి వచ్చినప్పుడల్లా "ఏ కంపెనీది స్పీడు బాగుంటాదండీ?" అని అడుగుతారు. స్పీడు సంగతి తరవాత చూడవచ్చు, ముందు ఆ కంపెనీ తీగ తెగితే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే మనిషి ఏ ఊళ్లో ఉంటాడో కనుక్కోమని చెబుతాను. ఈ జవాబు చాలామందికి నచ్చదు. ఎందుకు అలా చెబుతున్నానో కాస్త వివరంగా రాస్తాను.

టెలికం లెక్కలో దేశాన్ని సర్కిళ్లుగా విభజించారు. మన ఊరు ఒడిశా సర్కిల్ కిందికి వస్తుంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందికి వస్తుంది. మొబైల్ సిగ్నలుకు ఈ గీత పట్టదు. డాబా మీద ఒక మూల నిలబడితే ఇటు టవరు, ఇంకో మూలకు పోతే అటు టవరు అందుతాయి. తీగకు మాత్రం గీత గట్టిగా పడుతుంది. పాతపట్నంలో ఉన్న మా బంధువులు 2017 చివర్లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి 149 రూపాయలకే వస్తున్నాయని చెప్పి మమ్మల్ని ఊరించారు గాని, అది ఆంధ్ర ప్రభుత్వ సంస్థ కనుక సరిహద్దు ఇవతలికి రాలేదు. మనకు తీగ వచ్చేది ఒడిశా వైపు నుంచి. కొన్ని సంస్థల పెద్ద కార్యాలయాలు బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో ఉంటాయి, మధ్యలో కొండదారులు. ఆ దారిలో ఎక్కడో రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఒక్కసారి పంజా వేస్తే, మనింట్లో పిల్లవాడి ఆన్‌లైన్ పరీక్ష ఆగిపోతుంది. ఇలాంటి చోట 100 ఎంబీపీఎస్‌కూ 150 ఎంబీపీఎస్‌కూ ఉన్న తేడా కంటే, ఆరు గంటల్లో బాగుచేసే సంస్థకూ ఆరు రోజులు తిప్పే సంస్థకూ ఉన్న తేడా చాలా పెద్దది.

అందుబాటులో ఉన్న దారులు నాలుగు: పెద్ద సంస్థల ఫైబరు, ఊళ్లోని కేబుల్ ఆపరేటరు ఇచ్చే నెట్, డాబా మీద యాంటెన్నా బిగించే ఎయిర్ ఫైబర్, ఇవేవీ లేకుండా ఫోను హాట్‌స్పాట్‌తో నెట్టుకురావడం.

ఫైబరు

మీ వీధిలోకి ఫైబరు వచ్చి ఉంటే దానికే నా మొదటి ఓటు. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఫైబరులో ఎక్స్ఛేంజి నుంచి ఇంటి దాకా వచ్చేది గాజు తీగ. మధ్యలో ఒక తీగను పదిళ్లకు పంచే స్ప్లిటర్లకు కరెంటు అవసరం లేదు. అంటే వీధిలో కరెంటు పోయినా, ఎక్స్ఛేంజిలో జనరేటరు నడుస్తూ మీ ఇంట్లో రౌటరుకు బ్యాటరీ ఉంటే నెట్ నడుస్తూనే ఉంటుంది. వేసవి సాయంత్రాలు కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. రౌటరు అడాప్టరు మీద 12 వోల్టులని రాసి ఉంటే అదే వోల్టేజీ ఇచ్చే చిన్న యూపీఎస్ ఒకటి కొని పెట్టుకోండి. ఇన్వర్టరు లేని ఇంట్లో కూడా రెండు మూడు గంటలు గడిచిపోతాయి.

బీఎస్ఎన్ఎల్ ఫైబరు విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చిన్న ఊళ్లలో ఆ సంస్థ ఫైబరును చాలా చోట్ల స్థానిక భాగస్వాములే లాగి, బిగించి, మరమ్మతు చేస్తారు. వసూలైన బిల్లులో వారికి వాటా ఉంటుంది. పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. కాబట్టి "బీఎస్ఎన్ఎల్ బాగుంటుందా?" అని ఊరందరినీ అడిగితే ఊరికో మాట వస్తుంది. మీ వీధికి సర్వీసు చేసే భాగస్వామి ఎవరో తెలుసుకుని, అతని కింద కనెక్షన్ ఉన్న రెండిళ్లవారిని అడిగితే నిజం తెలుస్తుంది.

ధర చూసేటప్పుడు ప్రకటనలోని అంకె మీద 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. 499 రూపాయల ప్లానుకు కట్టాల్సింది 588 రూపాయల పైమాట. డేటా పరిమితి గురించి ఫైబరులో ఎక్కువ బెంగ పడనక్కరలేదు. నెలకు 3300 జీబీ దాకా పూర్తి వేగం ఇచ్చే ప్లాన్లు మామూలే, అంటే రోజుకు 110 జీబీ. ఇంట్లో రెండు టీవీలు పొద్దంతా మోగినా అంత దాటదు.

ఫైబరుకున్న బలహీనత మన చేతిలోనే ఉంది. గాజు తీగను మడిస్తే అందులోంచి వెళ్లే కాంతి బయటికి కారిపోతుంది. ఒకసారి మా ఇంట్లో మూడు రోజులు నెట్ లేదు. రౌటరు మీద ఎల్‌ఓఎస్ (సిగ్నలు అందడం లేదని గుర్తు) అని రాసిన చోట ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. కంపెనీని తిట్టని తిట్టు లేదు, కాల్ సెంటరుకు రోజుకు రెండు సార్లు ఫోను చేశాను, ప్రతిసారీ "మీ ప్రాంతంలో సాంకేతిక సమస్య" అనే జవాబే వచ్చింది. నాలుగో రోజు లైన్‌మన్ కుర్రాడు వచ్చి, మీటరు పెట్టక ముందే గది నలుమూలలా చూసి, "బీరువా ఎప్పుడు జరిపేరండీ?" అని అడిగాడు. పండగకు సున్నం వేయించినప్పుడు జరిపామని చెప్పాను. అతను బీరువాను జానెడు ముందుకు లాగాడు. దాని వెనక గోడకు నొక్కుకుపోయి, వేలికి చుట్టినంత చిన్న మెలికగా ఉన్న పసుపు తీగ సాగి వదులైంది. ఎర్ర లైటు ఆరిపోయి, దాని పక్కన పాన్ అని రాసిన పచ్చ లైటు నిలకడగా వెలిగింది. అతనికి టీ ఇవ్వడం తప్ప నేను ఏమీ అనలేకపోయాను. ఎర్ర లైటు కనబడితే ఫిర్యాదుకు ముందు తీగ ఎక్కడైనా నలిగిందేమో చూసుకోండి. తీగను కొనదాకా తడిమి చూడవచ్చు గాని ఊడదీయవద్దు, కొన మీద పడిన దుమ్ము కూడా కాంతిని అడ్డుకుంటుంది.

ఊళ్లోని కేబుల్ ఆపరేటరు

కేబుల్ ఆపరేటరు ఇచ్చే నెట్‌ను పట్నంవాళ్లు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. మా దుకాణంలో ఇప్పటికీ ఉన్నది అదే. మనిషి ఊళ్లోనే ఉంటాడు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు, తెలుగులో మాట్లాడతాడు. పెద్ద సంస్థకు ఇక్కడి నంబరు నుంచి ఫోను చేస్తే నాకు వినిపించిన భాషలు ఒడియా, హిందీ, ఇంగ్లీషు మాత్రమే. ఇంట్లో ఉన్న అమ్మమ్మకో, ఒడియా చదవడం రాని కోడలికో నెట్ పోయినప్పుడు ఎవరికి ఫోను చేయాలన్నది కూడా ఎంపికలో లెక్కకు రావలసిన విషయమే. దీనికి తోడు తెలుగు చానళ్ల గుత్తి కూడా అదే తీగ మీద ఇస్తారు, ఒడిశాలో అమ్మే ఓటీటీ ప్యాకుల్లో తెలుగు ఉందో లేదో వెతుక్కునే పని తప్పుతుంది.

లోపాలు లేకపోలేదు. చాలా చోట్ల వీధి స్తంభాల మీద ఉండే వీరి పెట్టెలకు కరెంటు కావాలి. వీధి చీకటైతే మీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలు ఉన్నా లాభం లేదు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా, ఊరంతా ఒకేసారి సీరియళ్లూ క్రికెట్టూ చూసే వేళ, 50 ఎంబీపీఎస్ అని చెప్పినది ఏడెనిమిదికి దిగుతుంది. ఇంకో చిరాకు కూడా ఉంది. చిన్న ఆపరేటర్లు పదులకొద్దీ ఇళ్లను ఒకే ఐపీ చిరునామా (నెట్‌లో మన లైనును గుర్తించే నంబరు) వెనక ఉంచుతారు. అందువల్ల గూగుల్‌లో ఏదైనా వెతికితే మాటిమాటికీ "నేను రోబోను కాను" అనిపించుకుని, ట్రాఫిక్ లైట్లూ బస్సులూ ఏరమని బొమ్మలు ముందు పెడుతుంది. దరఖాస్తు గడువు చివరి గంటలో బస్సుల బొమ్మలు ఏరుతూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇంటికి సీసీ కెమెరా పెట్టి బయటి నుంచి నేరుగా చూడాలనుకునేవారు కూడా ఈ సంగతి ముందే అడగాలి. తయారీ కంపెనీ సర్వర్ల (క్లౌడు) ద్వారా నడిచే కెమెరాలకు ఇబ్బంది ఉండదు గాని, పాత పద్ధతి డీవీఆర్‌లు (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెలు) ఇలాంటి లైను మీద బయటినుంచి కనబడవు.

డబ్బు కట్టేటప్పుడు రసీదు తీసుకోండి. మూడు నెలలకు మించి ముందుగా కట్టవద్దు. రౌటరు మీ సొంతమా, అతనిదా అన్నది మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి.

ఎయిర్ ఫైబర్

2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఇదే పేరుతో మొదలుపెట్టిన సేవ ఇది. పేరులో ఫైబరు ఉన్నా ఇంటికి వచ్చేది 5జీ సిగ్నలే. డాబా మీద బిగించిన యాంటెన్నా దాన్ని పట్టి లోపలి రౌటరుకు అందిస్తుంది. అద్దె ఇళ్లలో ఉండేవారికీ, బదిలీ ఉద్యోగాలవారికీ, ఫైబరు స్తంభం తమ వీధి మొదట్లోనే ఆగిపోయినవారికీ ఇది బాగుంటుంది. గోడకు కన్నం వేయనివ్వని యజమానుల ఇళ్లలో కూడా డాబా మీద పైపుకు బిగించడానికి సాధారణంగా ఒప్పుకుంటారు.

అయితే మన ఊరి చుట్టూ కొండలు. టవరుకూ మీ డాబాకూ మధ్య ఒక గుట్ట భుజం అడ్డువచ్చినా, నాలుగంతస్తుల కొత్త భవనం లేచినా వేగం పడిపోతుంది. పైగా ఆ టవరును మీ వీధిలోని ఫోన్లన్నీ పంచుకుంటాయి. డబ్బు కట్టక ముందు ఒక పని చేయండి: అదే కంపెనీ సిమ్ము ఉన్న 5జీ ఫోను ఎవరిదైనా అడిగి తీసుకుని, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య డాబా ఎక్కి, వరసగా మూడు రోజులు వేగం చూసి రాసుకోండి. ఆ మూడు అంకెల్లో అన్నిటికంటే తక్కువదే మీ వేగమని అనుకుని నిర్ణయించుకోండి. అమ్మడానికి వచ్చిన కుర్రాడు మధ్యాహ్నం పన్నెండింటికి చూపించే అంకెను నమ్మి సంతకం పెట్టినవారు తరవాత నా దుకాణానికే వచ్చి వాపోతుంటారు.

ఇందులో డేటా పరిమితి కూడా ఫైబరు కంటే బిగువు. నెలకు 1000 జీబీ అని ఉంటే రోజుకు 33 జీబీ. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ తింటుంది. ఒక టీవీ ఉన్న ఇంటికి ఇది చాలు. ఉమ్మడి కుటుంబంలో మూడు గదుల్లో మూడు తెరలు నడిస్తే నెలాఖరు వారం నత్తనడకే. ఆ పరిమితి దాటాక వేగం ఎంతకు దిగుతుందో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, ప్లాను కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదివి తీరాలి.

తుపాను రోజుల అనుభవం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో ఇక్కడ అందరికీ గుర్తే. స్తంభాలు విరిగితే వాటి మీది తీగలన్నీ పోతాయి, ఏ కంపెనీ అన్న తేడా ఉండదు. మా వీధిలో అప్పుడు ముందుగా తిరిగి వచ్చింది ఫోను సిగ్నలే, తీగలు చాలా ఆలస్యంగా వచ్చాయి. దీన్నిబట్టి తీగ వద్దని చెప్పడం లేదు. తీగ ఒక కంపెనీదైతే ఫోను సిమ్ము ఇంకో కంపెనీది పెట్టుకోమని చెబుతున్నాను. రెండూ ఒక్క కంపెనీవే తీసుకుంటే బిల్లులో కొంత తగ్గింపు దొరకవచ్చు, పోయినప్పుడు రెండూ కలిసే పోతాయి.

ఫోను హాట్‌స్పాట్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఒంటరిగా ఉండి, రోజుకు 2 జీబీలో గడిచిపోయేవారికి వేరే కనెక్షన్ అనవసరం. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే మాత్రం అది రెండో దారిగానే ఉండాలి. కొండల్లోని మారుమూల ఊళ్లవారికి కొన్ని చోట్ల బీఎస్ఎన్ఎల్ టవరు ఒక్కటే దిక్కు. 2025 సెప్టెంబరు 27న ఝార్సుగుడలో ప్రారంభించిన ఆ సంస్థ స్వదేశీ 4జీ మీ ఊరి టవరుకు వచ్చిందో లేదో చూసుకుని సిమ్ము తీసుకోవచ్చు. ఆంధ్ర సిమ్ము ఉన్నవారు దాన్ని వదులుకోనక్కరలేదు, డేటా ప్యాకు ఇటు కూడా చెల్లుతుంది. 2015 జులై నుంచి సర్కిల్ మారినా నంబరు మారకుండా కంపెనీ మార్చుకోవచ్చు.

నెట్ తప్పా, మరొకటి తప్పా

కనెక్షన్ మార్చాలని వచ్చేవారిలో చాలామందికి నిజానికి మార్చనక్కరలేదు. 100 ఎంబీపీఎస్ అన్నారు, సినిమా మాత్రం సెకనుకు 12 ఎంబీయే దిగుతోందని ఒకాయన మండిపడ్డారు. అది సరైన వేగమే. ప్లానులో చెప్పేది బిట్లలో, ఫైలు కొలత బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర వస్తుంది. ఇంకొందరి ఇళ్లలో రౌటరు టీవీ వెనక మూలన ఉంటుంది, పడకగది దాకా రెండు మందపాటి గోడలు. రౌటరు పంపే 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉన్నా గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ గోడలు మెరుగ్గా దాటుతుంది గాని నెమ్మది. దూరపు గదిలో ఫోను వాడితే 2.4కు కలపండి, టీవీని వీలైతే తీగతో కలపండి.

మెయిళ్లు రావడం లేదు, నెట్ బాలేదని వచ్చినవారిలో కొందరికి జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీ నిండి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ పదిహేనులోకే లెక్కకు వస్తోంది. పెళ్లి వీడియోలు తొలగిస్తే మెయిళ్లు వస్తాయి. వాట్సాప్ నడుస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది తరచు కంపెనీ డీఎన్ఎస్ (సైటు పేరును నంబరు చిరునామాగా మార్చే ఏర్పాటు) లోపం. ఫోను వైఫై సెట్టింగులో డీఎన్ఎస్ స్థానంలో 8.8.8.8 గాని 1.1.1.1 గాని వేసి చూడండి.

వేగం కొలవడానికి ఊక్లా వారి స్పీడ్‌టెస్ట్, నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ ఉన్నాయి. మొదటిది దగ్గరి సర్వరును ఎంచుకుంటుంది, అది ఒక్కోసారి మీ కంపెనీ సొంత ఇంట్లోనే ఉంటుంది కనుక అంకె అందంగా కనిపిస్తుంది. రెండోది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది, నెట్‌ఫ్లిక్స్ వీడియో ఎలా వస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. కంపెనీతో వాదించడానికి రెండూ తీసి, రౌటరుకు తీగతో కలిపిన కంప్యూటరు మీదే కొలిచి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వైఫై మీద తీసిన అంకెను వారు ఒప్పుకోరు.

వీడియో పాఠాలు చెప్పేవారు జూమ్, గూగుల్ మీట్ మధ్య ఊగిసలాడుతుంటారు. ఉచిత ఖాతాలో జూమ్ 40 నిమిషాలకు ఆపేస్తుంది, మీట్ ముగ్గురూ ఆ పైన ఉన్న సమావేశాన్ని 60 నిమిషాలు నడవనిస్తుంది. గంట ట్యూషనుకు మీట్ సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో మాట్లాడడానికి ఈ రెండూ దండగ, వాట్సాపే చాలు. ఇలాంటి పనులకు కిందికి వచ్చే వేగం కంటే పైకి వెళ్లే వేగం ముఖ్యం, ప్లాను అడిగేటప్పుడు అప్‌లోడు ఎంతో కూడా అడగండి.

ఒడియా సైట్ల విషయం మనకు ప్రత్యేకం. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైటు భూలేఖ్‌లో భూమి వివరాలు ఒడియా అక్షరాల్లో వస్తాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌కు 2020లో ఒడియా తోడైంది గాని, పేర్లనూ ఖాతా నంబర్లనూ దాని నోటి నుంచి విని నమ్మి దరఖాస్తు నింపవద్దు. ఒడియా చదవగలిగిన మనిషి చేత ఒకసారి సరిచూపించుకోండి. ఇదే ట్రాన్స్‌లేట్ కంపెనీకి ఫిర్యాదు మెయిలు రాయడానికి మాత్రం బాగానే పనికొస్తుంది.

ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి రాసుకోండి. దానితోనే ఆ కంపెనీలోని అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా ఈ రెండంచెల ఏర్పాటు పెట్టాలి. అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ప్రస్తుతం మా ఇంట్లో ఫైబరు, దానికో చిన్న యూపీఎస్, నా జేబులో ఇంకో కంపెనీ ఆంధ్ర సిమ్ము ఉన్నాయి. దుకాణంలో కేబుల్ నెట్, గడువు చివరి రోజులకు అదే సిమ్ము హాట్‌స్పాట్. దుకాణం షట్టరు లోపలి వైపు ఒక అట్టముక్క మీద ఇంటి కస్టమర్ ఐడీ, దుకాణం ఐడీ, లైన్‌మన్ కుర్రాళ్లిద్దరి నంబర్లు, రీఛార్జి అయిపోయే తేదీలు పెద్ద అక్షరాలతో రాసి అతికించాను. నెట్ పోయినప్పుడు కస్టమర్ ఐడీ నెట్‌లోనే వెతకాల్సి వచ్చిన రోజు ఆ అట్టముక్క పుట్టింది.